కైనేజులును మన జీవశాస్త్ర పాఠమును

గత సంవత్సరము దసరా సెలవులకు ముందొక దినమున పదవ తరగతిలో శ్వాసక్రియను గూర్చిన పాఠము చెప్పుచుంటిమి. గంట కొట్టుటకు కొలది నిమిషములు మిగిలియుండగా వెనుక బల్లనుండి యొక విద్యార్థి లేచి, పాఠముతో సంబంధము లేనట్లు కనబడు ప్రశ్న యొకటి యడిగెను. "మాష్టారూ, మా నాన్నగారికి రక్తములో క్యాన్సరు అన్నారు. రెండేండ్లుగా రోజూ మాత్ర వేసికొనుచున్నారు. ఇప్పుడు బాగుగనే యున్నారు, పొలము పనికి కూడ పోవుచున్నారు. జ్వరము తగ్గినచో మందు మానివేయుదుము గదా! ఈ మాత్రను మాత్రము మానరాదని డాక్టరుగారు ఎందుకు చెప్పుచున్నారు? నాన్నగారు ఇక మానివేయుదునని అనుచున్నారు" అని వాని ప్రశ్న. మరునాడు మందుపెట్టెలోని కాగితమును తెచ్చి చూపెను. అందు ఇమాటినిబ్ అను పేరును, టైరోసిన్ కైనేజును నిరోధించునదను వివరణమును ఉండెను. డాక్టరుగారు చెప్పినట్లు నడచుకొనుడని మాత్రము చెప్పి వానిని పంపివేసితిమి. అంతకంటె చెప్పుటకు మాకు తెలియదు. ఆ కుటుంబమువారి యనుమతితోనే ఈ సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

మాకు సిగ్గు కలిగించినది మా యజ్ఞానము కాదు; ఏ యుపాధ్యాయునికైనను తెలియని విషయములు అనేకములుండును. వాడు ప్రశ్న యడిగిన క్షణమున దాని ప్రత్యుత్తరము మా వెనుక నల్లబల్లమీద, మా చేతితో వ్రాసిన మూడక్షరములలో ఉండెను. ఆ మూడక్షరములు ఏటీపీ. "ఏటీపీ కణమునకు శక్తి నాణెము" అని వ్రాసి క్రింద రెండు గీతలు గీచియుంటిమి. ట్రెయినింగు కళాశాలలో మేము నేర్చుకొన్న వాక్యమదియే. నాటినుండి నేర్పుచున్న వాక్యమును అదియే. తరువాత కొన్ని మాసములు గ్రంథములు చూచి తెలిసికొన్నదేమనగా, ఆ వాక్యము అసత్యము కాదు, సగము సత్యము. మిగిలిన సగమును కూడ ఉన్నత పాఠశాలలోనే చెప్పవలెనని ఈ వ్యాసమున మా వాదము.

ఏటీపీ యనగా అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. అడినోసిన్ అను మొండెమునకు మూడు ఫాస్ఫేటులు వరుసగా తోకవలె నంటియుండును. చివరి ఫాస్ఫేటు విడిపోవునపుడు లభించు శక్తితో కండరము ముడుచుకొనును, నూతన పదార్థములు కూర్పబడును, లవణములు కణపు పొరను దాటింపబడును. ఇది నాణెపు కథ. మన పుస్తకములో నున్నది. ఐతే ఆ చివరి ఫాస్ఫేటును తీసి వేరొక ప్రోటీనునకు అతికించు ఎంజైములు కణములో గలవు. వానికే ప్రోటీను కైనేజులని పేరు. మానవుని జన్యుసంపుటమును పరిశీలించి 2002లో ప్రకటించిన పట్టికలో ఇట్టి కైనేజుల జన్యువులు 518 లెక్కకు వచ్చినవి. ప్రోటీను అమైనో ఆమ్లముల హారము గదా. ఆ హారములో సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్ అను పూసలమీదనే ముఖ్యముగా ఈ యతుకు పడును. ఫాస్ఫేటు ఋణావేశము గలది. అది వచ్చి చేరగానే సమీపమున నున్న ధనావేశపు భాగములు దానివైపు లాగబడును, ఋణావేశపు భాగములు తొలగును. అందుచే ప్రోటీను ఆకారము మారును. ఆకారము మారినచో పనియు మారును. ఊరకున్న ఎంజైము పనికి పూనుకొనవచ్చును, పనిచేయుచున్నది మానుకొనవచ్చును, ఒకచోట నున్నది మరియొక చోటికి పోవచ్చును.

మన యిండ్లలో కట్టెను పొయ్యిలో పెట్టినచో అన్నము వండును. అదే కట్టెను తలుపునకు అడ్డముగా వేసినచో రాత్రివేళ ఎవరు లోనికి రావలెనో, ఎవరు రాకూడదో నిర్ణయించును. ఇన్నాళ్లు మేము పిల్లలకు పొయ్యిని మాత్రమే చూపితిమి.

ఒక దృష్టాంతము చెప్పెదము. బడికి వచ్చు బాలుని కుక్క యొకటి తరుముచున్నదనుకొనుడు. వాని మూత్రపిండములపై టోపీవలె నున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిను అను రసమును రక్తములోనికి విడుచును. ఆ అడ్రినలిను వాని తొడకండరముల కణములను చేరును గాని లోపలికి పోదు. గుమ్మమువద్దనే యుండు గ్రాహకమను ప్రోటీనును తాకి యాగిపోవును. వార్త మాత్రము లోనికి పోవును. గుమ్మపు లోపలివైపున నున్న యొక ఎంజైము ఏటీపీనుండి వలయాకారపు ఏఎంపీ యను చిన్న పదార్థమును తయారుచేయును. దీనిని 1950ల చివర ఎర్ల్ సదర్లాండు అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అందులకై ఆయనకు 1971లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ చిన్న పదార్థము ఒక కైనేజును మేల్కొల్పును. ఆ కైనేజు రెండవ కైనేజునకు ఫాస్ఫేటు అతికించి దానిని మేల్కొల్పును. రెండవది ఫాస్ఫోరిలేజు అను ఎంజైమునకు అతికించును. ఈ ఫాస్ఫోరిలేజు కండరములో దాచియున్న గ్లైకోజెను అను పిండిపదార్థమును తుంపులుగా విరిచి చక్కెర ఫాస్ఫేటుగా మార్చును, అది దగ్ధమై మరల ఏటీపీ యగును, బాలుడు పరుగెత్తును.

ఇన్ని మెట్లేల, అడ్రినలిను నేరుగా గ్లైకోజెనును విరువరాదా యని పిల్లలడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. మొదటి కారణము: మెట్టు మెట్టునకు వార్త పెరుగును. మేల్కొన్న యొక్క కైనేజు అణువు అనేక అణువులకు ముద్ర వేయును, వానిలో ప్రతిదియు మరి యనేకములకు వేయును. ప్రధానోపాధ్యాయుడు ఒక్క కాగితముపై సెలవని వ్రాసినచో పాఠశాల యంతయు నిమిషములో ఖాళీయగుట మన మెరుగుదుము. రెండవ కారణము మాకింకను అద్భుతముగా దోచినది. గ్లైకోజెనును కూర్చు ఎంజైము వేరొకటి కలదు. అడ్రినలిను వార్త వచ్చినపుడు దానికిని ఫాస్ఫేటు అతుకును. అతికినంతనే అది పని మానివేయును. ఒకే ముద్ర విరుచువానిని లేపి, కూర్చువానిని కూర్చుండబెట్టుచున్నది. లేనిచో ఒకడు గోడ కట్టుచుండగా మరియొకడు పడగొట్టుచుండును, ఏటీపీ వ్యర్థమగును. ఫాస్ఫేటు యనగా "మేలుకొనుము" అని మాత్రమే యర్థమని తలంచు విద్యార్థి ఇచ్చట పొరపడును. అది యే ప్రోటీనుమీద, ఏ స్థానమున పడినదో దానినిబట్టియే యర్థము.

ఈ సంగతి బయటపడిన విధమును కూడ పిల్లలకు చెప్పదగినదని మా తలంపు. ఫాస్ఫోరిలేజును పరిశోధించినవారు కార్ల్ కోరీ, గెర్టీ కోరీ యను దంపతులు. 1947లో వీరిరువురికి నోబెల్ బహుమానములో భాగము లభించెను. వైద్యశాస్త్రమున ఆ బహుమానమందిన మొదటి స్త్రీ గెర్టీ కోరీయే యని మన బాలికలు గుర్తుంచుకొందురు గాక. కోరీల పరిశోధనాలయమున పనిచేసి వచ్చిన ఎడ్విన్ క్రెబ్స్ అనునాయన సియాటిల్ నగరమున ఎడ్మండ్ ఫిషర్‌తో కలిసి అదే ఎంజైమును తీయుటకు పూనుకొనెను. (సిట్రిక్ ఆమ్ల చక్రపు క్రెబ్స్ వేరు, ఆయన పేరు హాన్స్. ప్రతి సంవత్సరము జవాబు పత్రములలో వీరిరువురిని ఒక్కనిగా చేయువారు కొందరుందురు.) ఫిషర్ అంతకుముందు జెనీవాలో బంగాళాదుంపలోని ఫాస్ఫోరిలేజును పరిశోధించినవాడు. దుంపలోని దానికి అక్కరలేని సహాయపదార్థము కండరములోని దానికేల కావలెనని వారి సందేహము. అంతకుమించిన యాశయము వారికి లేదు.

కోరీల పద్ధతిలో కండరసారమును వడపోత కాగితముగుండ పోయుదురు. వీరు కాగితమునకు బదులు గిర్రున త్రిప్పు యంత్రముతో మడ్డిని వేరుచేసిరి. విచిత్రముగా, కోరీలకు లభించిన చురుకైన ఎంజైము వీరికి లభింపలేదు. మందమైన రూపమే లభించెను. మరల కాగితము పెట్టినచో చురుకైనది వచ్చెను. విచారింపగా ఆ కాగితములో కలిసియున్న కాల్షియము సారములోనికి దిగి, అందున్న యొక కైనేజును మేల్కొల్పి, ఏటీపీలోని ఫాస్ఫేటును ఫాస్ఫోరిలేజునకు అతికింపజేయుచున్నదని తేలెను. ఇది 1955 నాటి మాట. జీవించియున్న కండరములో నరపు ఆజ్ఞ వచ్చినపుడు విడుదలయగునదియు కాల్షియమే. కాగితము తెలియకుండ నరముయొక్క పని చేసినది. ప్రోటీనులకు ఫాస్ఫేటు అతికించు ఎంజైము గలదని 1954లో బర్నెట్, కెనడీ యనువారు చూపియే యుండిరి. ఐతే ఆ యతుకు ఎంజైమును నడుపు పగ్గమని తెలిసినది సియాటిల్‌లో. ఫిషర్, క్రెబ్స్ లకు 1992లో నోబెల్ బహుమానము వచ్చెను. నడుమ 37 సంవత్సరములు! పరీక్షాఫలితములు ఒక్క దినము ఆలస్యమైనచో ఓర్వలేని మనము ఈ లెక్కను ఒకమారు చూడదగును.

ఇక ఏటీపీని గూర్చి. 1929లో దానిని జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొనెను. అదే కాలమున అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు గార్లును కనుగొనిరి. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గట్టెక్కినవారు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు వస్త్రము ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని కోపమునకు గురియై పూర్తి పట్టమును పోగొట్టుకొనిరి. 1925లో ఫిస్కేగారితో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతిలో ద్రావణము నీలవర్ణము దాల్చును. ఆ నీలపు గాఢతనుబట్టి భాస్వరమెంతయో తెలియును. ఆ కొలత లేనిదే కండరములో ఏ ఫాస్ఫేటు ఎచ్చటికి పోయినదో తెలియు మార్గము సులభముగా నుండెడిది కాదు. మన జిల్లాలలో ఆయన పేరు వీధులకును కళాశాలలకును పెట్టుకొందుము గాని, ఆయన కొలిచిన ఫాస్ఫేటు ఏమి చేయునో మన పిల్లలకు చెప్పము. ఇది మాకు సమంజసముగా దోచదు.

ఇప్పుడు మా వాదములో మేము మిక్కిలి ముఖ్యముగా భావించు భాగమునకు వచ్చుచున్నాము. అతికించిన ముద్రను ఊడదీయువారు కూడ కణములో నుందురు. వారికి ఫాస్ఫటేజులని పేరు. కుక్క వెనుదిరిగినది, బాలుడు బడి గుమ్మము చేరినాడు. అడ్రినలిను తగ్గును, వలయాకారపు ఏఎంపీ విరిగిపోవును, ఫాస్ఫటేజులు ఫాస్ఫోరిలేజుమీది ఫాస్ఫేటును తీసివేయును, గ్లైకోజెను విరుగుట ఆగును. కైనేజును గూర్చి చెప్పి ఫాస్ఫటేజును విడిచిపెట్టు పాఠము అసలు పాఠమే చెప్పకుండుటకంటె ఎక్కువ హాని చేయునని మా యభిప్రాయము. వార్త చేరుట యెంత యవసరమో, వార్త ముగియుటయు అంతే యవసరము. ఎల్లప్పుడు మ్రోగు గంట గంట కాదు.

మా విద్యార్థి తండ్రిగారి వ్యాధి ఎల్లప్పుడు మ్రోగు గంటయే. దాని పేరు దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా. 1960లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనువారు ఈ రోగుల రక్తకణములలో ఒక క్రోమోజోము పొట్టిగా నుండుట చూచిరి. 1973లో జానెట్ రౌలీ యను విదుషి అది ఊరక విరిగినది కాదనియు, 9వ, 22వ క్రోమోజోములు తమ తునకలను ఇచ్చిపుచ్చుకొన్నవనియు చూపెను. 9వ దానిలో ఏబీఎల్ అను కైనేజు జన్యువు కలదు. ఇది టైరోసిన్ పూసకు ఫాస్ఫేటు అతికించు జాతిలోనిది. (టైరోసిన్‌మీద అతుకు పడునని 1979లో టోనీ హంటర్ కనుగొనుట కూడ తమాషా కథయే: క్రొత్త ద్రావణము కలుపుకొనక పాతబడినదానినే వాడుటచే దాని యామ్లగుణము మారి, ఇతర పూసలలో కలిసి కనబడకుండిన టైరోసిన్ మచ్చ వేరుగా తేలెను. దీనిని చదివి మన ప్రయోగశాలలో పాత ద్రావణములు వాడుటకు ఎవరును అనుమతి యడుగరాదు.) మామూలుగా ఏబీఎల్ పిలిచినప్పుడే లేచును. తునకలు మారినపుడు అది 22వ దానిలోని బీసీఆర్ అను జన్యువునకు అంటుకొని, పగ్గము తెగిన కైనేజు పుట్టును. అది పిలువకయే ముద్రలు వేయుచుండును. ఫాస్ఫటేజులు ఊడదీయలేనంత వేగముగా వేయుచుండును. ఎముకల మజ్జలోని కణములు పెరుగుమను వార్తయే వినుచు పెరుగుచునే యుండును.

కైనేజు ముద్ర వేయుటకు ముందు ఏటీపీ దాని యొడిలోని యొక గుంటలో కూర్చుండవలెను. ఇమాటినిబ్ అణువు ఆ గుంటలో తాను కూర్చుండును. ఏటీపీకి చోటు లేదు, ముద్ర లేదు, వార్త లేదు. బ్రయన్ డ్రూకర్, నికొలస్ లిడన్ మొదలగువారి కృషిచే ఈ మందు సిద్ధమై 2001లో అమెరికాలో అనుమతి పొందెను. ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవచ్చును. జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవులు చచ్చిన తరువాత మందుతో పనిలేదు. ఇచ్చట శత్రువు బయటినుండి వచ్చినది కాదు. మజ్జలోని కొన్ని మూలకణములలో ఆ తప్పు జన్యువు నిలిచియే యుండును, కైనేజు పుట్టుచునే యుండును. మాత్ర గుంటలో కూర్చున్నంతకాలమే అది మౌనముగా నుండును. శరీరము మాత్రను క్రమముగా బయటికి పంపును గనుక దినదినము క్రొత్తది కావలెను. కొందరు రోగులు చాల సంవత్సరములు రక్తపరీక్షలలో వ్యాధిజాడ దాదాపు లేనంతగా నున్న పిమ్మట, వైద్యుల కనుసన్నలలో మాత్రను మాని చూచుట యిప్పుడు కలదు. అది వైద్యులు పరీక్షలు చూచి నిర్ణయింపవలసినది గాని రోగి తనంతట చేయవలసినది కాదు.

ఈ మాత్ర ఒక రైతు కుటుంబమునకు ఎట్లు అందుచున్నదని తల్లిదండ్రులు కొందరు మమ్మడిగిరి. స్విట్జర్లాండు దేశపు నోవార్టిస్ కంపెనీ అమ్మిన మందునకు మాసమునకు సుమారు 1,20,000 రూపాయలును, మన దేశపు కంపెనీలు చేసినదానికి 8,000 మొదలు 10,000 రూపాయలును అయ్యెడి కాలమున, ఆ మందు యొక్క యొక రూపముపై పేటెంటు కోరిన వ్యాజ్యమును మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1వ తేదీన త్రోసివైచెను. ఆ పేటెంటును ఎదిరించినవారిలో హైదరాబాదులోని నాట్కో కంపెనీయు నుండెను. నోవార్టిస్‌వారు అనేకులకు ఉచితముగ నిచ్చిరనుటయు నిజమే. ఈ వివాదము సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల పాఠములోనిది గనుక వారికే విడుచుచున్నాము.

మా వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, ఇది పరీక్షలో రాదు గదా యని. రాదు. ఐనను తరగతిలో చేతులెత్తించి చూచితిమి: ఇంట మధుమేహముగలవారు లేని పిల్లలు కొద్దిమందియే. ఇన్సులినును పట్టుకొను గ్రాహకము తానే యొక కైనేజు. ఇన్సులిను తాకగానే అది మొదట తనకు తాను ఫాస్ఫేటు అతికించుకొనును, ఆ వార్త లోపల కైనేజునుండి కైనేజునకు సాగి, కండరకణము చక్కెరకు ద్వారములు తెరచును. ఈ వార్త సరిగా సాగకపోవుటయే పెద్దవారికి వచ్చు మధుమేహములో ముఖ్యభాగము. ఇంటిలోనున్న సంగతిని పరీక్షలో లేదని విడిచిపెట్టుట విద్య యనిపించుకొనదు. రెండవ యాక్షేపణ మా సహోపాధ్యాయులది: పిల్లలపై బరువు పెరుగునని. మేము 518 పేర్లు వల్లె వేయింపుమనుట లేదు. ఒక్క పరుగు కథ, ఒక్క వడపోత కాగితపు కథ, ఒక్క మాత్ర కథ. రెండు పీరియడులు చాలును. పేరు ఒక్కటి కూడ జ్ఞాపకము లేకపోయినను మాకు బాధ లేదు.

మూడవది మన సంఘపు పెద్ద యొకరు మృదువుగా నడిగినది: ప్రాణమును ఇట్లు గుంటలుగను పూసలుగను విప్పి చెప్పినచో పిల్లల మనస్సులలో సృష్టికర్తయెడల భయభక్తులు తగ్గవా యని. మా యనుభవము వేరుగా నున్నది. అవయవముల పరస్పరసంబంధమును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమును ఈ పాఠము చెప్పిన వారముననే ఉదయప్రార్థనలో చదివించితిమి. అంతకుముందు అనేకమారులు విన్నదే. ఆ దినమున పిల్లలు తలలెత్తి వినిరి. అంతకుమించి మేము చెప్పజాలము.

ఈ సంవత్సరము జనవరిలో శ్వాసక్రియ పాఠమును రెండవమారు, ఈ భాగము చేర్చి, చెప్పితిమి. ప్రశ్న యడిగిన విద్యార్థి తన నోటుపుస్తకములో వ్రాసికొన్నదానిని ఇంట చదివి వినిపించెననియు, తండ్రిగారు మాత్ర మానలేదనియు చెప్పెను. వాడు వేసిన పటము జీవశాస్త్రపు గది గోడమీద నున్నది. వార్షికోత్సవమునకు వచ్చు తల్లిదండ్రులు చూడవచ్చును. అందు కైనేజులకు చేతులు, కండ్లు పెట్టి చక్కగా రంగులు వేసెను. ఫాస్ఫటేజును మాత్రము మూలన చిన్న చుక్కగా పెట్టెను. దానికి కూడ చేతులు పెట్టుమని చెప్పితిమి, ఇంకను పెట్టలేదు.